నరసింగరావు జావా బండి

ఆదివారం ఉదయం ఏడున్నర అయింది. విజయనగరంలో కంటోన్మెంటు దగ్గరున్న ఆ చిన్న డాబా ఇంట్లో అనూరాధ మూకుడులో దిబ్బరొట్టె వేసి మూత పెట్టింది. ముందువసారాలో ఆమె భర్త భాస్కర్ పేపరు చదువుతున్నాడు. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై నాలుగేళ్లయింది ఆయనకు.

"రొట్టె అయిపోవచ్చింది. అల్లప్పచ్చడి వెయ్యనా, బెల్లంపానకం పొయ్యనా?" వంటింట్లోంచి అడిగింది.

"ఏదో ఒకటి."

పది నెలలుగా ఆ ఇంట్లో మాటలు ఇంతే. ఏదో ఒకటి. సరే. నీ ఇష్టం. పూర్వం ఆదివారం వచ్చిందంటే తెల్లవారకముందే లేచి, పాటలు పాడుకుంటూ గడ్డం గీసుకుని, బండేసుకుని పోయే మనిషి. ఇప్పుడు ఆదివారమంటే కుర్చీలోంచి కదలడు.

వీధిలో ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. ముప్పై ఏళ్ల డ్రైవరు దిగి గేటు దగ్గరకు వచ్చాడు.

"లైనిన్‌స్పెక్టర్ భాస్కర్ గారి ఇల్లు ఇదేనాండి? నా పేరు నరేషండి. ఎస్.కోట నుంచి వస్తన్నాను. బండి దించమన్నారు."

"ఏం బండి?"

నరేష్ వెనక్కి వెళ్లి తాళ్లు విప్పి, నీలం టార్పాలిన్ పక్కకు లాగాడు. ముదురు ఎరుపు ట్యాంకు, దానికి రెండు పక్కలా మెరిసే తెల్ల రేకు, రెండు సైలెన్సర్లు. యాభై ఏళ్ల నాటి జావా మోటారు సైకిలు. భాస్కర్ చేతిలోని పేపరు జారి కింద పడింది. తీసుకోలేదు.

"ఎవరు పంపినారు?"

"చిన్నతల్లి గారండి. ఇదిగో తాళం. జాగర్తగా దించమన్నారు."

"ఇంకేటైనా సెప్పమందా?"

"ఏటీ సెప్పలేదండి."

భాస్కర్ గేటు పట్టుకుని నిలబడ్డాడు. "దించకు. ఎనక్కి తీసుకెల్లిపో. నాను తీసుకోనన్నానని సెప్పు," అని లోపలికి వెళ్లి గది తలుపు వేసుకున్నాడు.

నరేష్ బిక్కమొహం వేశాడు. చప్పుడుకు బయటికొచ్చిన అనూరాధ ట్రాలీ మీద ఉన్న బండిని చూసింది. ఆమెకు అంతా అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది.

"నువ్వు ముందు కాళ్లు కడుక్కుని కూకో బాబూ. రొట్టె వేడిగా ఉన్నాది, తిను. మేం మాట్లాడుకుని సెప్తాం," అంది.

ఆ బండి నరసింగరావుది. ఎస్.కోట అని అందరూ పిలిచే శృంగవరపుకోట మెయిన్ రోడ్డులో నరసింగరావుకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. చుట్టుపక్కల రైతులవి బోరు మోటార్లు కాలిపోతే అతని దగ్గరకే తెచ్చేవారు. భాస్కర్ ఆ సెక్షన్‌లో లైన్‌మన్‌గా చేరిన కొత్తలో, లో ఓల్టేజీ వల్ల మోటార్లు కాలుతున్నాయని నరసింగరావు ఆఫీసుకొచ్చి పెద్ద గొడవ పెట్టుకున్నాడు. ఆ గొడవ టీ బడ్డీ దగ్గర తెగింది. అప్పటి నుంచి ముప్పై ఏడేళ్లు ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకున్నారు. చుట్టరికం ఏమీ లేదు.

నరసింగరావుకు పాత బండ్ల పిచ్చి. పాత రాజ్‌దూత్, పాత బుల్లెట్, ఏది ఎక్కడ మూలన పడి ఉందన్నా వెళ్లి చూసి వచ్చేవాడు. జావా మాత్రం అతని ప్రాణం. జామి దగ్గర ఒక ఊళ్లో, రైతు పశువుల సాలలో గడ్డి కింద దొరికింది. బేరం కుదిరాక తీరా చూస్తే దాని సీటు కింద కోడి పొదుగుతోంది. రైతు కోడిని తీసేస్తానన్నాడు. నరసింగరావు ఒప్పుకోలేదు. పిల్లలు బయటికొచ్చేదాకా మూడు వారాలు ఆగి, ఆ మూడు ఆదివారాలూ వెళ్లి కోడిని చూసి వచ్చి, ఆ తర్వాతే బండిని ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు.

దాన్ని బాగుచెయ్యడానికి రెండేళ్లు పట్టింది. అంత కష్టపడి బాగుచేసిన బండిని ఎప్పుడూ నలభై దాటించేవాడు కాదు. బస్సులు దాటిపోతుంటే డ్రైవర్లకు చెయ్యెత్తి నమస్కారం పెట్టేవాడు. "తొందరున్నోడు బస్సెక్కుతాడు బావా. మనకేటి తొందర?" అనేవాడు. ప్రతి ఆదివారం భాస్కర్ తన బండి మీద కోట వెళ్లి, దాన్ని అక్కడ పెట్టి, జావా మీద నరసింగరావు వెనక కూర్చునేవాడు. ఇద్దరూ అనంతగిరి ఘాట్ ఎక్కి, కాఫీ తాగి, మధ్యాహ్నం భోజనానికి దిగి వచ్చేసేవారు.

పోయిన కార్తీకంలో అలాంటి ఆదివారమే, ఘాట్ ఎక్కకముందే, బొడ్డవర టీ కొట్టు దగ్గర నరసింగరావు గుండె ఆగిపోయింది. అరవయ్యేళ్లు కూడా నిండలేదు. భాస్కర్ పదకొండో రోజు దాకా అక్కడే ఉండి అన్ని పనులూ చూశాడు. ఆ తర్వాత కోట వైపు వెళ్లలేదు. నరసింగరావు భార్య చిన్నతల్లి రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. అనూరాధ ఒక్కతే బస్సులో వెళ్లి చూసి వచ్చేది. ఇంట్లో ఎవరైనా నరసింగరావు పేరెత్తితే భాస్కర్ లేచి బయటికి పోయేవాడు. స్నేహితుడు పోయిన బాధ అనుకుంది అనూరాధ. తగ్గుతుందిలే అనుకుంది. తగ్గలేదు.

ఆమె తలుపు తట్టింది. "తలుపు తియ్యండి."

"ఆటో ఎల్లిందా?"

"ఎల్లలేదు. ముందు తలుపు తియ్యండి."

భాస్కర్ తలుపు తీసి మంచం మీద కూర్చున్నాడు. అనూరాధ ఎదురుగా నిలబడింది.

"ఆవిడ మొగుడు పోయి ఏడాది తిరగబోతన్నాది. ఆయన ప్రాణంలా సూసుకున్న బండిని మీకు పంపింది. మీరేటో పాత ఇనుము తిప్పి పంపినట్టు పంపెయ్యమంటన్నారు. ఆవిడ మనసెలగుంటాది?"

"నీకు తెలీదు అనూ. ఊరుకో."

"తెలీదు. మీరు సెప్పందే నాకెలగ తెలుస్తాది? పది నెలలు ఊరుకున్నాను. ఫోనొస్తే ఎత్తరు. పేరెత్తితే లేసి పోతారు. ఈ ఇంట్లో నాను గోడలతో మాటాడతన్నాను. ఇవాళ సెప్పాల మీరు. ఏటయిందక్కడ?"

"ఆ బండెందుకు పంపిందో తెలుసా నీకు?" అన్నాడు భాస్కర్. "నా మొగుణ్ని సంపినోడివి నువ్వే, ఈ బండి కూడా నువ్వే ఉంచుకో అని పంపింది."

అనూరాధ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "ఏటి మాటలివి?"

"ఆ రోజు ఆడు రానన్నాడు. పొద్దున్నే ఫోన్ సేసి, ఈ వారం వద్దు బావా, కాస్త నీరసంగా ఉన్నాది అన్నాడు. నాను నవ్వినాను. ముసిలోడివైపోనావురా, ఇంక బండి నాకిచ్చీసి ఇంట్లో కూకో అన్నాను. ఎల్లి వాకిట్లో నిలబడి హారన్ కొట్టినాను. దాంతో లేసి వచ్చినాడు. ఆడు నా మాటకి వచ్చినాడు అనూ. నాను అలగ అనకపోతే ఆ రోజు మంచం మీదే పడుకునుండేవోడు. ఏటీ అయ్యేది కాదు."

"ఈ మాట ఆవిడకి సెప్పినారా?"

"ఏ మొహంతో సెప్తాను?"

అనూరాధ కళ్లు తుడుచుకుంది. ఆమెకు భర్త మీద జాలి వేసింది. ఆ జాలి వెనకే కోపం కూడా వచ్చింది.

"సెప్పాల. తప్పయితే తప్పని సెప్పాల. ఆవిడ తిడితే పడాల. అంతేగానీ మీరిలగ ఇంట్లో దాక్కుంటే ఆవిడకేటి తెలుస్తాది? లెగండి. బండి తిప్పి పంపాలంటే మనమే తీసుకెల్దాం. ఆవిడ సేతికే ఇద్దాం."

"నాను రాను."

"అయితే నానెల్తాను. మీరు సెప్పలేని మాట నానే సెప్తాను. అది మీకు బాగుంటాదా?"

భాస్కర్ లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ఆటో ముందు సీటులో నరేష్ పక్కన ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. వెనక జావా తాళ్లతో కట్టి ఉంది. దారిలో చెరువులన్నీ నిండి ఉన్నాయి. పొలాల్లో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. నరేష్ రెండుమూడుసార్లు మాట కలపబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఊరుకున్నాడు. సగం దారి దాటాక గుంతల్లో బండి ఊగినప్పుడల్లా భాస్కర్ వెనక్కి తిరిగి చూశాడు.

"తాళ్లు గట్టిగానే కట్టినానండి," అన్నాడు నరేష్.

"హేండిల్‌కి కాదు, ముందు ఫోర్కుకి కట్టాల. కాస్త పక్కకాపు," అన్నాడు భాస్కర్. దిగి, తాళ్లు విప్పి మళ్లీ తనే కట్టాడు. పది నెలల తర్వాత అదే ఆ బండి మీద చెయ్యి వెయ్యడం. కట్టడం అయిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు. అనూరాధ పిలవలేదు. నరేష్ హారన్ కొట్టబోతే చేత్తో వారించింది.

కోటలో నరసింగరావు ఇంటి ముందు ఆటో ఆగేసరికి పదకొండయింది. కూతురు దుర్గాభవాని అరుగు మీద ఉంది. ఇరవయ్యారేళ్ల పిల్ల, ఆ ఊరి బ్యాంకులోనే పని చేస్తోంది. ఆటో వెనక బండిని చూసి పరుగున వచ్చింది.

"మావయ్యా, తెచ్చేశావా? అమ్మ నాకు చెప్పకుండా పంపేసింది. నేను లేచేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. పొద్దుటి నుంచి నేను అమ్మతో మాట్లాడలేదు."

చిన్నతల్లి గుమ్మంలోకి వచ్చింది. యాభై ఆరేళ్లుంటాయి. ఏడాదిలోపే బాగా చిక్కిపోయింది. అనూరాధకు నమస్కారం పెట్టి, "రా వదినా," అంది. భాస్కర్‌ని రమ్మనలేదు. అలాగని పొమ్మనీ అనలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయన్నే చూసింది.

"బండి అక్కర్లేదేటి అన్నయ్యా?"

"అది కాదమ్మా."

"బండి పంపితేగానీ రాలేదు నువ్వు. అదీ తిప్పి ఇచ్చెయ్యడానికి వచ్చినావు."

భాస్కర్ తల వంచుకున్నాడు.

"పది నెలలు," అంది చిన్నతల్లి. ఆమె గొంతు పెంచలేదు. "పది నెలల్నుంచి వీధిలో బండి ఆగితే సూస్తన్నాను. ఎవరెవరో వచ్చినారు. మోటార్లు బాగుసేయించుకున్నోల్లందరూ వచ్చినారు. నువ్వు రాలేదు. ఆయన పోయినప్పుడు పక్కనున్నోడివి నువ్వొక్కడివే. ఆయనేటన్నాడో, ఎలగున్నాడో, నొప్పితో ఎంతసేపు పడినాడో, నా పేరెత్తినాడో లేదో, నాకు సెప్పాల్సినోడివి నువ్వే. పదకొండు రోజులు ఇక్కడే తిరిగినావు. అడుగుదామంటే నా కంట పడకుండా తిరిగినావు. ఫోన్ సేస్తే ఎత్తలేదు. ఏటి తప్పు సేసినాను నీకు?"

"తప్పు నీది కాదమ్మా. నాది." భాస్కర్ అరుగు మెట్టు మీద కూలబడ్డాడు. దాచుకున్నదంతా చెప్పాడు. ఫోను మాట, తాను చేసిన వేళాకోళం, హారన్. అనూరాధతో చెప్పినదానికంటే ఎక్కువే చెప్పాడు. దారిలో నరసింగరావు మామూలుకంటే నెమ్మదిగా నడుపుతుంటే, ఈ లెక్కన రేపటికి చేరతాం అని మళ్లీ నవ్వానని కూడా చెప్పాడు. "ఆడు రానన్నా ఈడ్చుకెల్లి సంపీసినాను. ఆ మాట నీకు సెప్పలేక రాలేదు. నువ్వేటన్నా పడతాను."

చిన్నతల్లి గుమ్మం పట్టుకుంది.

"నీకు తెలీదా?" అంది చివరికి.

"ఏటి?"

"డాక్టరు సెప్పలేదా? ఆస్పత్రిలో?"

"పోనాడనే సెప్పినాడమ్మా. ఇంకేటి సెప్తాడు?"

చిన్నతల్లి వచ్చి ఆయన పక్కన మెట్టు మీదే కూర్చుంది. ఆమె ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"ఆయనకి దానికి నెల ముందే విశాఖపట్నంలో పరీక్షలు సేయించినాం అన్నయ్యా. గుండెలో మూడుచోట్ల పూడుకుపోనాదని, ఎంటనే ఆపరేషన్ సెయ్యాలని సెప్పినారు. ఈయన వినలేదు. రబీ మోటార్ల పని అయిపోనీ, వేసవిలో సూద్దాం అన్నాడు. నీకు సెప్దామన్నాను. నా సేత ఒట్టేయించుకున్నాడు. బావకి తెలిస్తే ఇంక నన్ను బండెక్కనివ్వడు, వాడికి సెప్పినావంటే నా మీద ఒట్టే అన్నాడు."

భాస్కర్ ఆమె వైపు తిరిగాడు.

"ఆ రోజు నువ్వు వాకిట్లో హారన్ కొట్టినప్పుడు నీకు కాఫీ తెచ్చిచ్చిందెవరు? నానే కదా. గ్లాసు నీ సేతిలో పెట్టి నిలబడినాను. మాట నాలిక మీదే ఉన్నాది. అన్నయ్యా, ఈయన్ని ఇవాళ తీసుకెల్లకు అని ఒక్క మాట. ఆయన నీ ఎనకాల నిలబడి నాకేసి సూసినాడు. సెప్పకు అన్నట్టు సూసినాడు. నాను ఊరుకున్నాను. గ్లాసు తీసుకుని లోపలికొచ్చీసినాను." ఆమె చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు డాక్టరు సెప్పీసుంటాడనుకున్నాను. తెలిసి కూడా సెప్పలేదని నా మీద కోపమొచ్చి రాడం మానీసినావనుకున్నాను. నా స్నేహితుణ్ని సంపుకున్నది నువ్వేనని నీ మనసులో ఉంటాదనుకున్నాను."

అనూరాధ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. భవాని గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. ఆ పిల్లకూ ఈ సంగతి తెలియదు.

"అమ్మా, నాకూ చెప్పలేదు నువ్వు," అంది మెల్లగా.

"ఎలగ సెప్తాను తల్లీ? నువ్వూ అదే అంటావు కదా."

భవాని వచ్చి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఒళ్లో తల పెట్టుకుంది. పొద్దుటి నుంచి తల్లితో మాట్లాడని పిల్ల అప్పుడు, "నేనేమీ అనను," అంది.

కొంతసేపటికి చిన్నతల్లి ముఖం తుడుచుకుంది. "ఇంకొకటి సెప్పాల నీకు. నీ మాటకే లేసి వచ్చినాడనుకుంటన్నావు. శనివారం సాయంత్రమే ట్యాంకు నింపించుకుని వచ్చినాడు. గొలుసుకి గ్రీజు పెట్టినాడు. చొక్కా ఇస్త్రీ సేయించినాడు. పొద్దున్నే నీరసం అన్నది నిజమే. నువ్వు రాకపోతే మాత్రం ఇంట్లో ఉండేవోడు కాదు. గంట ఆగి ఒక్కడే ఎల్లేవోడు. ఆయన సంగతి నీకు తెలీదా?"

భాస్కర్ ఆలోచించాడు. తెలుసు. ముప్పై ఏడేళ్లలో నరసింగరావు ఆదివారం బండి తియ్యని వారం ఒక్కటీ ఆయనకు గుర్తు రాలేదు.

"ఒక్కడే ఎల్లుంటే ఆ ఘాటీలో ఏ మలుపులోనో పడిపోయుండేవోడు. ఎవరు సూసేది? ఎప్పుడు తెలిసేది మాకు? నీ పక్కన పోనాడు. ఆ ఒక్క సంగతి తలుసుకునే నాను ఇన్నాళ్లూ అన్నం తిన్నాను. దానికి నీకు దండం పెట్టాలనుకున్నాను. నువ్వు కనపడితేగా."

భాస్కర్‌కు అప్పుడు ఏడుపు వచ్చింది. శ్మశానంలో రాలేదు. పదకొండో రోజున రాలేదు. ఇప్పుడు మాత్రం మోకాళ్ల మీద మోచేతులు ఆన్చి, ముఖం కప్పుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. ఆటో దగ్గర నిలబడ్డ నరేష్ ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు సెప్పు," అంది చిన్నతల్లి. "ఎలగ పోనాడు?"

భాస్కర్ ముక్కు తుడుచుకుని చెప్పాడు. టీ సగం తాగాక ఎడమ చెయ్యి లాగుతోందన్నాడని, బల్ల మీద కూర్చోబెట్టానని, చెమటలు పట్టాయని, తన ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడని. టీ కొట్టాయన అంబులెన్సుకు ఫోను చేశాడని.

"ఎక్కువసేపు పడలేదమ్మా. పావుగంట కూడా లేదు. అరవలేదు. నొప్పి ఉందా అంటే ఉన్నాది అన్నాడు, అంతే."

"ఏటైనా సెప్పినాడా?"

"సెప్పినాడు." భాస్కర్ ఆగాడు. "నీ పేరెత్తలేదమ్మా. అబద్ధం సెప్పను."

"సెప్పు, పర్లేదు."

"అప్పటికి ఎండొచ్చింది. రోడ్డు పక్కనున్న బండి మీద పడతన్నాది. ఆడు పడుకునే అటు సూసి, బండి నీడలో పెట్టు బావా, సీటు కాలిపోతాది అన్నాడు. అదే ఆఖరి మాట."

చిన్నతల్లి ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. భవాని కూడా నవ్వింది.

"పెట్టినావా మరి?"

"నీ మొగుడు నా ఒళ్లో ఉంటే ఎలగ పెడతాను? టీ కొట్టాయన తోసుకెల్లి జీడిమావిడి సెట్టు కింద పెట్టినాడు. ఈడు సూసినాడు. అది నీడలోకి ఎల్లిందాకా సూసి, కళ్లు మూసుకున్నాడు."

"సూసినాడు కదా," అంది చిన్నతల్లి. "నిమ్మళంగా పోనాడన్నమాట." ఆ మాట రెండుసార్లు అంది. ఇన్నాళ్లూ మోసిన బరువేదో దించి పక్కన పెట్టినట్టు గట్టిగా ఊపిరి విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది.

అప్పుడు అనూరాధ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. భవాని వెనకే వెళ్లింది. బియ్యం పొయ్యి మీద పెట్టారు. పెరట్లో ఆనపకాయ కోసుకొచ్చి పులుసు పెట్టారు. భాస్కర్, నరేష్ కలిసి బండిని జాగ్రత్తగా దించి వాకిట్లో స్టాండు వేశారు. నరేష్ ఈ సంసారాల మధ్య తానెందుకని వెళ్లిపోతానంటే చిన్నతల్లి ఒప్పుకోలేదు. అతనికీ ఆకు వేసింది.

భోజనాల దగ్గర నరసింగరావు మాటలే. పది నెలలు ఎవరూ ఎత్తని పేరు ఆ పూట అందరి నోళ్లలోనూ నలిగింది. పెళ్లిచూపులకు వచ్చినవాడు మాటల మధ్యలో లేచి, తన తండ్రి పాత రాజ్‌దూత్ ముందు గొంతుక్కూర్చున్నాడని చిన్నతల్లి చెప్పింది. పిల్లకంటే బండినే ఎక్కువసేపు చూశాడంది. తనను బడిలో దింపేటప్పుడు దారిలో ఆగిన ప్రతి బండినీ బాగుచేస్తూ రోజూ ఆలస్యం చేసేవాడని, మాస్టారు వేసే శిక్ష తనకే పడేదని భవాని చెప్పింది. భాస్కర్ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అనూరాధ అది చూసి ఏమీ అనకుండా ఇంకో గరిటె పులుసు పోసింది.

చేతులు కడుక్కున్నాక భాస్కర్, "బండి ఇక్కడే ఉండనీ అమ్మా. భవానికి ఇష్టం కదా," అన్నాడు.

"దానికి ఇష్టమే. నడపడం రాదు. స్టార్ట్ కూడా సెయ్యలేదు. నాలుగు నెలల్నుంచి కిక్కు కొట్టి కొట్టి కాలు వాచిపోనాది. వాడకపోతే ఇంజను పట్టేస్తాదని ఆయన అనేవోరు. అందుకే నీకు పంపినాను. అందుకే అంటే అందుకే కాదులే. బండెల్తే నువ్వొస్తావని కూడా అనుకున్నాను." చిన్నతల్లి తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "బండి నీ దగ్గరే ఉండాల. ఆదివారం ఆదివారం దాని మీద ఇక్కడికి రావాల. భవానికి నేర్పాల. నలభై దాటనియ్యకూడదు."

"నేర్పుతాను," అన్నాడు భాస్కర్. భవాని వైపు తిరిగి, "రావే, ఇప్పుడే మొదలెడదాం," అన్నాడు.

వాకిట్లో బండి ముందు ఇద్దరూ కూర్చున్నారు. పెట్రోలు కుళాయి ఎలా తిప్పాలో, కార్బురేటర్ మీది బొడిపె ఎంతసేపు నొక్కి పట్టుకోవాలో చూపించాడు. ఈ బండిలో కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా అని, కొట్టాక దాన్ని మళ్లీ ముందుకు మడవాలని చెప్పాడు. మొదటి మూడు కిక్కులకూ బండి దగ్గి ఊరుకుంది. భాస్కర్ ప్లగ్గు విప్పి, గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించాడు. నాలుగో కిక్కుకు రెండు సైలెన్సర్లలోంచి నీలంపొగ వచ్చింది. ఆ చప్పుడుకు ఎదురింటి మరిడమ్మ వీధిలోకి వచ్చి, "ఏటమ్మా, బండి కదిలిందా," అని అడిగింది. అంతలో పక్కింటివాళ్లూ వచ్చారు. చిన్నతల్లి అరుగు మీద కూర్చుని, ఎవరు అడిగినా, "మా అన్నయ్య వచ్చినాడు," అని చెప్పింది.

భవాని వీధి చివరిదాకా వెళ్లి, భాస్కర్ పక్కన పరుగెత్తుతుండగా వెనక్కి వచ్చింది. రెండుసార్లు ఇంజను ఆగింది. ఒకసారి కాలువలోకి పోబోయింది. దిగేసరికి ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. భాస్కర్ మోకాళ్లు పట్టుకుని రొప్పాడు.

నాలుగు గంటలకు బయలుదేరారు. నరేష్ ఖాళీ ఆటోతో ముందే వెళ్లిపోయాడు. భవాని తన స్కూటీ హెల్మెట్ తెచ్చి అనూరాధకు పెట్టింది. చిన్నతల్లి సంచిలో ఆనపకాయ పెట్టి ఇచ్చింది. "వచ్చే ఆదివారం పొద్దున్నే రండి. టిఫిను ఇక్కడే," అంది.

ఊరు దాటేదాకా అనూరాధ భర్త భుజం గట్టిగా పట్టుకుంది. తర్వాత భయం తగ్గింది. బండి ముప్పై అయిదు మీద నిమ్మళంగా పోతోంది. వెనక నుంచి వచ్చిన బస్సు హారన్ కొట్టి దాటిపోయింది. భాస్కర్ డ్రైవరుకు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

"అనూ, నీకెప్పుడైనా సెప్పినానా? ఒకసారి శివరాత్రికి ఇద్దరం రామతీర్థం ఎల్లినాం. తిరిగొస్తంటే దారిలో ఒక ముసలమ్మ బస్సు తప్పిపోయి నిలబడింది. ఈడు బండాపి నన్ను దిగమన్నాడు. ఆవిణ్ని ఎక్కించుకుని, ఇప్పుడే వస్తాను బావా అని ఎల్లిపోనాడు. ఎక్కడికనుకున్నావు? చీపురుపల్లి. మూడు గంటలు నన్ను రోడ్డు మీద నిలబెట్టీసినాడు. తీరా వచ్చి ఏటన్నాడో తెలుసా..."

జావా చప్పుడులో అనూరాధకు సగం మాటలు వినపడలేదు. మళ్లీ చెప్పమని అడగలేదు. పది నెలల తర్వాత ఆ మనిషి ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఆమె ఆయన వీపుకు దగ్గరగా జరిగి, విజయనగరం వచ్చేదాకా ఊఁ కొడుతూనే ఉంది.